ఒక్క ఛార్జింగుతో పది నుంచి ఐదు

మొఘల్‌పురాలో ఒక సర్కారు ఆఫీసు ప్రహరీగోడకు వీపు ఆనించి డానియేలు కూర్చోబట్టి ముప్పైరెండేళ్ళు. తల ఆనే చోట గోడ మీద గుండ్రటి కొబ్బరినూనె మరక పడింది. సున్నం వేసేవాళ్ళు కూడా దాన్ని ఆయన సొంత ఆస్తి అనుకుని వదిలేసి పోతుంటారు.

ఆయన పని అర్జీలు టైపు చేయడం. ఒకప్పుడు ఎదురుగా చెక్కపెట్టె, దాని మీద టైపు మిషను ఉండేవి. మిషను మూలపడ్డాక అదే పెట్టె మీదికి కూతురు షారోన్ కాలేజీ రోజుల్లో వాడిన చిన్న లాప్‌టాప్ వచ్చింది. అర్జీలు మాత్రం మారలేదు. కార్డులో పేరు తప్పు పడింది, పింఛను ఆగింది, నల్లాలో మురికినీళ్ళు వస్తున్నాయి, పక్కింటివాళ్ళ మేక మా మల్లెచెట్టు తినేసింది. వచ్చినవాళ్ళు ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చుని తమ గోడు చెప్పుకుంటారు. ఆయన విని, టైపు చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి చేతికిస్తాడు. వాళ్ళు గల్లీ దాటి వైకుంఠం జిరాక్స్ దుకాణంలో అచ్చు తీయించుకుని, సంతకం పెట్టి, గేటు లోపలికి పోతారు.

చిక్కంతా మార్చి నెలలో వచ్చింది. అప్పటిదాకా గోడ మలుపులో ఉన్న చాయ్ బండి నుంచి ఒక వైరు లాక్కుని డానియేలు లాప్‌టాప్‌ను నడిపేవాడు. మురుగు మోరీ తవ్వడానికి బండిని తీసేశారు. బండితో పాటు వైరూ పోయింది. ఇక బ్యాటరీయే దిక్కు. ఆ బ్యాటరీ గంటా యాభై నిమిషాలు పని చేసి, పన్నెండు కొట్టేసరికి తెర నల్లగా చేసుకుని ముసుగు తన్నేసేది. డానియేలు దాన్ని చంకన పెట్టుకుని వైకుంఠం దుకాణానికి పోయి ఛార్జింగ్ పెట్టుకుని వచ్చేలోపు అర్జీలకు వచ్చినవాళ్ళలో సగం మంది లేచి వెళ్ళిపోయేవారు.

వైకుంఠానికి ఇది చూసి నవ్వాగేది కాదు. వాళ్ళ తాత లాడ్ బజార్‌లో గాజులు అమ్మాడు, తండ్రి కాగితాలు అమ్మాడు, తాను ఆ కాగితాల మీద అచ్చు గుద్దుతున్నాడు. రెండేళ్ళుగా ఆయన డానియేలుని దుకాణంలో కూర్చోమని పిలుస్తూనే ఉన్నాడు.

"డానియేల్ భాయ్, లోపల ఫ్యానున్నది, ప్లగ్గున్నది. ఎండల గట్ల వడియం లెక్క ఎందుకు ఎండుతవ్?"

"నీ దుకాణానికి మూడు మెట్లున్నయ్ సేట్."

"అయితే ఏంది? మోకాళ్ళు నొస్తున్నయా?"

"నాకు గాదు, మాటకు. మూడు మెట్లెక్కినంక మనిషికి మాట సగమైతది. నీ అద్దాల కౌంటర్ చూస్తే ఆ సగం గూడ మింగుతరు. కింద కూసున్నోనికే మనిషి ఉన్నదున్నట్టు చెప్పుకుంటడు. నా పని చేతులది గాదు, చెవులది."

ఈ మాట డానియేలు ఎంత నమ్మేవాడంటే, ఆ గోడ పక్క నుంచి లేస్తే తాను టైపిస్టునే కాకుండా పోతానని ఆయన భయం. కాని రోజూ పన్నెండింటికి చచ్చిపోయే లాప్‌టాప్‌తో ఎన్నాళ్ళు?

మే నెలలో ఒక మంగళవారం వైకుంఠం దుకాణం మెట్ల మీద నిలబడి అందరికీ వినబడేలా అన్నాడు. "షర్తు కడ్తవా భాయ్? ఎల్లుండి గురువారం. పదికి గేటు తెరిచినప్పటి సంది ఐదుకి మూసేదాక నీ లాప్‌టాప్ నడవాలె. ఏడ గూడ ప్లగ్గు పెట్టొద్దు. వచ్చినోళ్ళను వాపస్ పంపొద్దు. నడిచిందా, జిందగీల మళ్ళ నిన్ను లోపటికి రమ్మని పిల్వ. ఆగిందా, శుక్రవారం పొద్దుగాల్నే పెట్టె ఎత్తుకొని నా దుకాణంల కూసోవాలె."

"సాక్షి ఎవరు?"

"నేనున్న గదా!" అన్నాడు గేటు దగ్గరి వాచ్‌మన్ బీరయ్య, ఎవరూ అడక్కుండానే.

డానియేలు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక గోడకు తల ఆనించి, ఏడు గంటలంటే ఎన్ని నిమిషాలో లెక్కవేసుకున్నాడు.

సాయంత్రం యాకుత్‌పురాలో ఇంటికి వచ్చేసరికి షారోన్ బ్యాంకు నుంచి వచ్చి టీ పెడుతోంది. సంగతంతా విని నోరు తెరిచింది.

"డాడీ! అది ఏడేండ్ల బ్యాటరీ. ముసల్ది. ఏడు గంటలు ఎట్ల నడుస్తది?"

"నేను అరవై ఒక్కేండ్ల ముసలోన్ని. నడుస్తలేనా?"

"నువ్వు మధ్యాహ్నం ఒక కునుకు తీస్తవ్ గాబట్టి నడుస్తున్నవ్."

"మరి దానికి గూడ కునుకు పెడదాం."

షారోన్ టీ వడకట్టడం ఆపి ఆయన వంక చూసింది. "నువ్వు మజాక్ చేసినవ్ గని, చేయాల్సిన మొదటి పని గదే. వాళ్ళు ముచ్చట చెప్తున్నంతసేపు నువ్వు మూత తెరిచి పెడ్తవ్. గది దండగ. మూత వేసెయ్, అది పండుకుంటది. మొత్తం విన్నంక లేపు. ఊకె బంద్ చేసి చాలూ చేయకు, దానికే ఎక్కువ తింటది."

ఆమె లాప్‌టాప్ ముందు వేసుకుని కూర్చుంది. వైఫై ఆపింది. బ్లూటూత్ ఆపింది. మీటల కింద వెలిగే లైటు తీసేసింది. లాప్‌టాప్ తెరవగానే పిలవకుండానే వచ్చి కూర్చునే ప్రోగ్రాములు తొమ్మిది ఉన్నాయి. అందులో ఒకటి అమెరికాలో వాతావరణం చెబుతోంది, ఇంకొకటి రోజూ ఉదయం చెస్ ఆడదామా అని అడుగుతోంది.

"ఇవన్నీ నీ కరెంటు తాగుకుంట కూసున్నయ్ డాడీ."

"పాపం, ఎన్నడూ మాట్లాడలే నేను వాటితోని."

"ఇంకోటి. ఎండల వేడికి బ్యాటరీ ఖరాబైతది. చల్లగ ఉంచాలె. మొత్తం సున్నా అయ్యేదాక లాగకు. ఐదు శాతానికి వస్తే అదే బంద్ అయ్యేటట్టు పెట్టిన."

"సరే. ఇంతకు అందరికన్న ఎక్కువ తాగేదెవరు?"

"తెర. సగానికి సగం అదే తాగుతది. వెలుగు తగ్గించు."

ఇక్కడే మెలిక పడింది. మే నెల ఎండలో గోడ పక్కన కూర్చుంటే, వెలుగు నిండుగా పెట్టినా తెర మీద అక్షరం సరిగ్గా కనబడదు. తగ్గిస్తే అద్దంలో తన ముఖం, వెనకాల నూనె మరక తప్ప ఏమీ కనబడవు. డానియేలు రాత్రంతా కాదుగాని భోజనం చేసినంతసేపూ ఆలోచించి, బుధవారం ఉదయం బీరువాలోంచి నల్ల కంబళి తీసుకుని బయలుదేరాడు.

తెర వెలుగు బాగా తగ్గించి, తలనూ లాప్‌టాప్‌నూ కలిపి కంబళి కప్పుకుంటే అక్షరాలు ముత్యాల్లా కనిపించాయి. లోపల చీకటిగా, తన ఊపిరితోనే వెచ్చగా ఉంది. కాని బయటి నుంచి చూసేవాళ్ళకు కనబడిందేమిటంటే, నలభై డిగ్రీల ఎండలో ఒక పెద్దమనిషి ముసుగు పెట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు.

"డానియేలన్న ఆవిరి పడ్తుండు," అని బీరయ్య అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాడు. "జోరుగ జలుబు పట్టినట్టుంది."

ఆ మాట గల్లీలో పాకిపోయింది. ఒకావిడ కంబళి అంచు ఎత్తి, "నీళ్ళల్ల పసుపేసుకున్నవా అన్నా?" అని అడిగి, లోపల గిన్నెకు బదులు లాప్‌టాప్ చూసి అంచు మళ్ళీ కిందికి వదిలేసింది. ఇంకొకాయన వేపాకు రెమ్మ తెచ్చి పెట్టె మీద పెట్టిపోయాడు. అర్జీకి వచ్చిన ఇద్దరు మూతికి కర్చీఫు అడ్డం పెట్టుకుని దూరం నుంచే, "రేపొస్తం తీ," అన్నారు. వైకుంఠం దుకాణం మెట్ల మీద పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

ఒంటిగంటకు డానియేలు కంబళిలోంచి బయటికి వచ్చాడు. బ్యాటరీలో ఇంకా ముప్పై శాతం ఉంది. డానియేలులో మాత్రం ఏమీ మిగల్లేదు. బీరయ్య చెంబెడు నీళ్ళు ఇస్తే సగం తాగి సగం తల మీద పోసుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటి వెనక రాతి మీద కంబళి ఉతుకుతుంటే ఆయనకు ఒక కర్చీఫు గుర్తుకొచ్చింది. తెల్లది, మూలన నీలిదారంతో చిన్న పువ్వు కుట్టినది. శాలిబండలో టైపు నేర్చుకునే రోజుల్లో పక్క మిషను మీద స్వరూప కూర్చునేది. డానియేలుకి మీటలు చూడకుండా కొట్టడం వచ్చేది కాదు. లోయర్ పరీక్ష ఒకసారి తప్పాడు. స్వరూప మూడు రోజులు చూసి చూసి, నాలుగోనాడు ఏమీ అనకుండా తన కర్చీఫు తీసి ఆయన రెండు చేతుల మీదా పరిచింది. "కండ్లతోని చూస్తే చేతులకు బద్ధకమైతది," అంది. మాటలు పెరిగింది అక్కడి నుంచే. ఆయన లోయరూ హయ్యరూ పాసయ్యాడు, ఆమెను పెళ్ళీ చేసుకున్నాడు. ఆమె పోయి ఆరేళ్ళయింది. కర్చీఫు ఎక్కడుందో తెలియదు. చేతులు మాత్రం ఆనాటి నుంచీ మళ్ళీ బద్ధకించలేదు.

డానియేలు తడి కంబళి అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తాడు.

షారోన్ వచ్చేసరికి తండ్రి మంచం మీద బాసింపట్టు వేసుకుని, నల్లగా ఆరిపోయిన తెర ముందు వేళ్ళు టకటకలాడిస్తున్నాడు. చూపు ఎదురుగా గోడ మీది కేలండరు మీద ఉంది.

"డాడీ," అంది ఆమె మెల్లగా, దగ్గరికి వచ్చి నుదుటి మీద చెయ్యి వేస్తూ. "లాప్‌టాప్ బంద్ ఉన్నది డాడీ."

"బంద్ లేదు. వెలుగు సున్నా పెట్టిన. ఇప్పుడు పెంచి చూడు."

షారోన్ పెంచింది. నిండు పుట అర్జీ, నల్లానీళ్ళ గురించి, కామాలతో సహా. మొత్తం మీద ఒక్క సున్నా తప్పు పోయింది.

"చూడకుంట కొట్టినవా? గిది ఎవరు నేర్పిండ్రు నీకు?"

"మీ మమ్మీ."

షారోన్ ఆ పుటను కిందికీ పైకీ రెండుసార్లు చదివింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "రేపు వైకుంఠం అంకుల్ పని ఖతం," అంది.

గురువారం పదికి బీరయ్య గేటు తెరిచి, డానియేలు దగ్గరికి వచ్చి, ఆయన ఒక్క క్షణం తెర వెలిగించి చూపిస్తే వంగి చూసి గట్టిగా అరిచాడు. "వంద!"

లాప్‌టాప్ అడుగున బాత్‌రూంలో మిగిలిపోయిన టైల్సు ముక్క ఒకటి ఉంది, చల్లగా ఉంటుందని. మూత వేసి ఉంది. వచ్చిన మొదటి మనిషి ఎదురుగా కూర్చుని తన ముచ్చట మొదలుపెట్టి, మధ్యలో అనుమానపడ్డాడు. "అన్నా, రాస్తలేవేంది?"

"పండుకున్నది. నువ్వు చెప్పు, నాకు యాదుంటది."

అతను గొంతు తగ్గించి, లాప్‌టాప్‌కు నిద్రాభంగం కాకుండా మిగతాది చెప్పాడు. డానియేలు అంతా విని, అర్జీ మొత్తం మనసులో వరుస పెట్టుకుని, అప్పుడు మూత తెరిచి, నల్లటి తెర ముందు వీధి వైపు చూస్తూ టైపు చేశాడు. ఆరు నిమిషాలు. పెన్‌డ్రైవ్‌లో వేయడం కూడా చూడకుండా మీటలతోనే. మళ్ళీ మూత.

పదకొండింటికి "తొంబై మూడు!" అని బీరయ్య అరిచాడు. పన్నెండింటికి "ఎనభై ఒకటి!" అప్పటికి గల్లీలో సంగతి అందరికీ తెలిసిపోయింది. ఆటో ఆపి స్కోరు అడిగిపోతున్నారు. "కిత్నా హువా చాచా?" అని ఒకరు, "వికెట్ పడ్డదా?" అని ఇంకొకరు. ఎవరు అర్జీ తీసుకుని వచ్చినా వైకుంఠం అచ్చు తీసి కళ్ళద్దాలు పెట్టుకుని తప్పుల కోసం వెతుకుతున్నాడు. ఒంటిగంటకు ఓర్చుకోలేక మెట్లు దిగివచ్చాడు.

"భాయ్, నీ మంచి కోసం ఒక మాట. మొదట్ల ఆ 'మహారాజశ్రీ గౌరవనీయులైన అధికారి గారి దివ్యసముఖమునకు' అని కొడ్తవ్ చూడు, అది తీసెయ్. అర్జీకి అర శాతం మిగుల్తది."

"అది తీసేస్తే లోపట సారు చదవడు సేట్."

"ఉంటె మాత్రం చదువుతుండా?"

"అంతవరకైతే చదువుతడు గదా."

మూడింటికి ముప్పై ఎనిమిది. ఒక మబ్బుతునక వచ్చి సరిగ్గా గోడ మీద పావుగంట నిలబడింది. డానియేలు తల ఎత్తి దానికి మనసులో థాంక్స్ చెప్పుకున్నాడు. ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరికోసం పోతోందో, మధ్యలో తన మీద ఆగింది. అది చాలు.

మూడున్నరకు రామ్‌చందర్ అనే ఆయన వచ్చాడు. ఇంటిపన్ను అర్జీ. చివర్న తన ఈమెయిల్ కూడా ఉండాలన్నాడు. పాత టైపు మిషను మీద తెలుగు అక్షరాలు ఎక్కడెక్కడ ఉండేవో లాప్‌టాప్‌లోనూ అక్కడే వచ్చేలా షారోన్ ఎప్పుడో పెట్టించింది. ఒక మీట నొక్కితే ఇంగ్లీషు, మళ్ళీ నొక్కితే తెలుగు. డానియేలు మీట నొక్కి ఈమెయిల్ కొట్టాడు, పెన్‌డ్రైవ్ ఇచ్చాడు, మూత వేశాడు. రామ్‌చందర్ సంతోషంగా వెళ్ళిపోయాడు.

నాలుగూ పదికి, బీరయ్య "పందొమ్మిది!" అని అరిచిన కాసేపటికి, నెత్తిన నిమ్మకాయల గంపతో ఒక ముసలావిడ వచ్చింది. గంప దించి, స్టూలు మీద కాకుండా నేల మీదే కూర్చుంది.

"పేరేందమ్మా?"

"నా నోట్లె ఎల్లమ్మ. వాళ్ళ కాగితంల ఎల్లయ్య."

"ఏంది?"

"మొగోడని రాసిండ్రు బిడ్డా నన్ను. సూడు, నాకు మీసమున్నదా?"

"కొంచెమైతే ఉన్నది," అన్నాడు బీరయ్య.

"నీ నోట్ల మన్నువడ! మా ముసలాయన పోయి యాడాదాయె. పింఛనియ్యిమంటే, నువ్వు మొగోనివి, మొగోనికి గా పింఛను రాదంటుండ్రు. నేను మొగోన్నైతే నలభై ఏండ్లు మా ముసలాయనకు గటుక వండిపెట్టింది ఎవలు అని అడిగిన. గది మాకు తెల్వదు, అర్జీ తే అన్నరు. సవరిచ్చుడు ఇయ్యాల్నే ఆఖరంట, ఐదు గంటలకంట."

డానియేలు అడ్డు చెప్పలేదు. పెళ్ళి నుంచీ మొదలుపెట్టి ఆమె చెప్పిందంతా విన్నాడు. తర్వాత మూత తెరిచి, ఆమె ముఖంలోకి చూస్తూనే టైపు చేశాడు. మధ్యలో ఆమె, "మీసం లేదని గూడ రాయి," అంటే అదీ రాశాడు. ఈ రోజు మొత్తంలో తాను రాసిన అర్జీల్లో ఇదే బాగా వచ్చిందని ఆయనకు అనిపించింది. పెన్‌డ్రైవ్ తీసుకుని ఎల్లమ్మ గల్లీ దాటింది.

రెండు నిమిషాల్లో వైకుంఠం కాగితం పట్టుకుని మెట్లు దిగివచ్చాడు. వెనకాల ఎల్లమ్మ.

"భాయ్, గిది ఏ భాషల అర్జీ?"

డానియేలు కాగితం చూశాడు. పై నుంచి కింది దాకా ఇంగ్లీషు అక్షరాలు. కే, జే, ఎఫ్, సెమికోలన్, మళ్ళీ ఎఫ్, ఒక ఫుల్‌స్టాపు, నాలుగు డీలు. రామ్‌చందర్ ఈమెయిల్ కొట్టాక తెలుగుకు రావడం మరిచిపోయాడు. చేతులు తప్పు చేయలేదు, పాపం. అవి పుట అంతా తెలుగే కొట్టాయి. తెర వెలిగి ఉంటే మొదటి అక్షరానికే తెలిసిపోయేది.

"ఎంత టైమైంది?"

"నాలుగూ ముప్పై మూడు," అన్నాడు బీరయ్య. వంగి చూసి, ఈసారి అరవకుండా మెల్లగా చెప్పాడు. "ఆరు శాతం."

ఆరు. ఒకటి తగ్గితే అదే బంద్ అవుతుంది. ఇప్పుడు మూత వేస్తే ఐదింటిదాకా హాయిగా నిద్రపోతుంది, పందెం నెగ్గుతుంది, ఈ గోడా ఈ మరకా తనకు ఉంటాయి. మళ్ళీ అర్జీ కొట్టడం మొదలుపెడితే 'మహారాజశ్రీ' దాటకముందే ఆగిపోతుంది.

"ఏమైంది బిడ్డా, తప్పువడ్డదా?" అంది ఎల్లమ్మ. కోపం లేదు ఆ గొంతులో. కాగితాల మీద తప్పు పడటం ఆమెకు అలవాటే.

డానియేలు లాప్‌టాప్ చంకన పెట్టుకుని లేచాడు. గల్లీ దాటి మూడు మెట్లూ ఎక్కాడు. "ప్లగ్గేడున్నది సేట్?"

వైకుంఠం వెనకాలే పరుగెత్తుకొచ్చాడు. "అరే ఆగు భాయ్! పాగల్ అయినవా? మూత వెయ్యి, గెలుస్తవ్. ఇరవై ఏడు నిమిషాలంతే!"

"మూత వేస్తే ఈమె ఎల్లయ్యగనే ఉంటది."

"షర్తు పోతది!"

"పోనియ్. ప్లగ్గేది?"

వైకుంఠం తన ఫోను పీకేసి ప్లగ్గు ఖాళీ చేశాడు.

డానియేలు తెర వెలుగును నిండుగా పెంచాడు. పొద్దున్నుంచి చీకట్లో ఉన్న అక్షరాలు ఒక్కసారి పెళ్ళి పందిరిలా వెలిగాయి. పన్నెండు నిమిషాల్లో అర్జీ మళ్ళీ తయారైంది. వైకుంఠమే గట్టిగా చదివి సరిచూశాడు. 'మీసం లేదు' అన్న చోట నవ్వు ఆపుకోలేక రెండుసార్లు చదివాడు. ఎల్లమ్మ వేలిముద్ర వేసింది. బీరయ్య ఆమె గంప తన నెత్తిన పెట్టుకుని, "జరగండి, జరగండి!" అంటూ ఆమెను లోపలికి పట్టుకుపోయాడు.

ఐదుకి రెండు నిమిషాలు ఉందనగా ముద్ర పడిన రసీదుతో ఆమె తిరిగివచ్చింది.

"ఇప్పుడైతే ఆడిదాన్నేనా బిడ్డా?"

"పదిహేను రోజులు పడ్తదమ్మా."

"గప్పటిదాక ఏం జేయాలె?"

"బీడీ కాల్చుకుంట అరుగు మీద కూసో," అన్నాడు వైకుంఠం. ఆమె గంపలోంచి ఒక నిమ్మకాయ తీసి ఆయన పొట్ట మీద విసిరింది.

శుక్రవారం ఉదయం డానియేలు చెక్కపెట్టె ఎత్తుకున్నాడు. ఓడినవాడు ఓడినట్టు ఉండాలి. గోడ వైపు ఎక్కువసేపు చూడకుండా గల్లీ దాటి, మూడు మెట్లూ ఎక్కి, కౌంటర్ పక్కన ఫ్యాను కింద పెట్టె దించాడు. ప్లగ్గు పెట్టాడు. వచ్చేవాళ్ళు అద్దాలు చూసి బెదిరిపోయి, రెండు ముక్కలు చెప్పి పారిపోతారు. తాను ఆ రెండు ముక్కలతో ఏదో ఒకటి కొట్టి ఇస్తాడు. ఇక ఇంతే అనుకున్నాడు.

మొదట వచ్చిన ఆవిడ మెట్లెక్కి, ఫ్యాను వైపు చూసి, "అబ్బ!" అంది. చెప్పులు విడిచింది. చల్లటి బండల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుని, తన ముచ్చట మొదలుపెట్టింది. పది నిమిషాలయింది. పావుగంటయింది. ఆమె ఇంకా అసలు సంగతికి రానేలేదు.

డానియేలుకి అప్పుడు వెలిగింది. ముప్పైరెండేళ్ళుగా గోడ పక్కన జనం ఉన్నదున్నట్టు చెప్పుకున్నారనుకున్నాడు. వాళ్ళు చెప్పింది ఎండకు తట్టుకున్నంతే. నడినెత్తిన సూర్యుడుంటే ఎవరైనా ఎంతసేపు చెబుతారు? అసలు కథలు అన్నాళ్ళూ వాళ్ళ కడుపులోనే ఉండిపోయాయి. ఇప్పుడు మూడు మెట్లెక్కి నీడకు వచ్చాక ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి.

పదకొండుకల్లా దుకాణం నేల కనబడలేదు. ఎల్లమ్మ తన వాడకట్టులో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చింది, పేరు తప్పుపడినవాళ్ళనే. ఒకరి చంకలో పిల్ల ఉంది, ఇంకొకరి చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. జిరాక్స్‌కు వచ్చినవాళ్ళు మెట్ల కిందే నిలబడి లోపలికి తొంగిచూస్తున్నారు. వైకుంఠం ఒక కాలు గంపకు ఇటూ ఒక కాలు అటూ వేసి మిషను దాకా పోతున్నాడు, వస్తున్నాడు.

పన్నెండున్నరకు ఆయన ఓర్పు అయిపోయింది.

"భాయ్, షర్తు మాఫ్. పెట్టె ఎత్తు. పో నీ గోడ కాడికి."

"షర్తు షర్తే సేట్."

"గెలిచినోన్ని నేను. నేనే మాఫ్ చేస్తున్న."

"గెలిచినోడు గిట్ల మొత్తుకుంటడా ఏడనన్న?"

"నీ కాళ్ళు మొక్కుత. నా దుకాణం సంది నీ గోడ దాక వైరు గుంజుత. పొద్దుగూకులు కరెంటు వాడుకో, తెర ఎంత వెలుగు పెట్టుకుంటవో పెట్టుకో. పో!"

డానియేలు గల్లీ అవతలికి చూశాడు. గోడ ఉంది. వైరు వస్తుంది. వారం రోజుల కింద ఆయన కోరుకున్నది సరిగ్గా ఇంతే. గోడ మీద ఎండ తెల్లగా మరుగుతోంది. ఆయన తల పైకెత్తి ఫ్యాను వంక చూశాడు. అది కిర్రుకిర్రుమంటూ, ఎవరినీ ఏమీ అడక్కుండా, ఆయన మెడ మీది చెమటను ఆరబెడుతోంది.

"ఎండలు తగ్గనియ్ సేట్. గప్పుడు చూద్దాం."

"యా అల్లా!" అని వైకుంఠం నెత్తి పట్టుకున్నాడు. పెట్టింది విష్ణుమూర్తి ఉండే చోటి పేరే గాని, నెత్తి పట్టుకునేటప్పుడు ఆ గల్లీలో అందరూ అనేది అదే.

నేల మీద కూర్చున్న ఆవిడ విసుక్కుంది. "ఓ అన్నా, నా ముచ్చట ఇంటున్నవా లేదా?"

"ఇంటున్నమ్మా, చెప్పు," అన్నాడు డానియేలు, లాప్‌టాప్ దగ్గరికి జరుపుకుంటూ. "మీ మరిది పెండ్లి కాడ ఆపినవ్."

"మరిది పెండ్లి ఎప్పుడో అయిపోయింది," అన్నాడు వైకుంఠం మిషను దగ్గరి నుంచి, వెనక్కి తిరక్కుండానే. "తోటికోడలు తాళం చెవి దాచిపెట్టిన కాడ ఆపింది."